క్లాసు అయ్యాక ఎక్కడికి వెళ్తున్నారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొత్తగా యూనివర్సిటీల్లో, కాలేజీల్లో చేరిన పిల్లలవి. అడ్మిషన్లయ్యాయి, క్లాసులు మొదలయ్యాయి, దసరాకు ఇంటికి వెళ్ళి బతుకమ్మ ఆడి, పెద్దల చేతిలో జమ్మి పెట్టి వచ్చారు. ఇక ఇప్పుడు తీరిగ్గా బెంగ పెట్టుకుని నాకు రాస్తున్నారు.

కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. నేను పాఠాలు చెప్పినదాన్ని కాదు. ఉద్యోగమంతా ఒక యూనివర్సిటీ లైబ్రరీలో కౌంటర్ వెనకాల కూర్చుని చేశాను. భయంభయంగా లైబ్రరీ కార్డు కోసం వచ్చిన పిల్లలు కోర్సు అయ్యాక నో డ్యూస్ సంతకం కోసం వచ్చేనాటికి ఎలా తయారయ్యారో చూశాను. మధ్యలో ఒక్క పుస్తకం కూడా తీసుకోకుండా నేరుగా నో డ్యూస్‌కే వచ్చినవాళ్ళనూ చూశాను. వాళ్ళకు సంతకం పెట్టడం చాలా తేలిక.

ప్రశ్న: అమ్మా, మాది మహబూబాబాద్ జిల్లాలో ఒక పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో ర్యాంకు వచ్చి ఉస్మానియాలో ఎం.ఏ. ఎకనామిక్స్‌లో చేరాను. సార్లు ఇంగ్లిష్‌లో చెప్తుంటే సగం అర్థమవుతుంది, సగం బుర్రకెక్కదు. సిటీ పిల్లలు టకటకా ప్రశ్నలు అడుగుతారు. నేను చివరి బెంచీలో కూర్చుని వినబడింది రాసుకుంటాను. క్లాసు అయిపోగానే హాస్టల్‌కు వచ్చి పడుకుంటాను. నాన్న ఫోన్ చేసి 'ఎట్లున్నది బిడ్డా యూనివర్సిటీ' అంటే 'మంచిగున్నది' అంటాను. యూనివర్సిటీకి పోతే జీవితం మారిపోతుందని మా ఊళ్ళో అందరూ అన్నారు. ఏం చేస్తే మారుతుంది?
– ఒక విద్యార్థిని, లేడీస్ హాస్టల్

జవాబు: బిడ్డా, నీ ఉత్తరం ఎవరు చదివినా ముందు ఇంగ్లిష్ గురించే మాట్లాడతారు. నా కళ్ళు మాత్రం ఇంకో వాక్యం దగ్గర ఆగాయి. 'క్లాసు అయిపోగానే హాస్టల్‌కు వచ్చి పడుకుంటాను' అన్నావు చూడు, అక్కడ. ఇంగ్లిష్ కొన్ని నెలల్లో దారిలో పడుతుంది. మధ్యాహ్నం పడక మాత్రం ఒకసారి అలవాటైతే రెండేళ్ళూ వదలదు.

అయినా ముందు ఇంగ్లిష్ సంగతే తేల్చేద్దాం. నువ్వు చదువుతున్న ఉస్మానియా 1919లో క్లాసులు మొదలుపెట్టినప్పుడు పాఠాలు చెప్పింది ఉర్దూలో. ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా మాత్రం ఉండేది. ఉర్దూలో పుస్తకాలు లేకపోతే ఇతర భాషల నుంచి అనువదించి అచ్చు వేయడానికి దారుల్ తర్జుమా అని ప్రత్యేకంగా ఒక సంస్థనే పెట్టారు. కాబట్టి తెలుగులో చదివి వచ్చినంత మాత్రాన ఆ మెట్లు ఎక్కే అర్హత లేదన్నట్టు ముడుచుకుపోకు.

చెయ్యాల్సింది ఏమిటంటే, రేపు చెప్పబోయే పాఠం ఇవాళ రాత్రే తెలుగులో చదువుకుని వెళ్ళు. హిమాయత్‌నగర్‌లో తెలుగు అకాడమీ ఉంది. కాలేజీ చదువులకు తెలుగులో పుస్తకాలు తేవడానికే 1968లో పెట్టారు. వాళ్ళ డిగ్రీ ఎకనామిక్స్ పుస్తకాలు నీ దగ్గర ఇంటి అటక మీద ఉండే ఉంటాయి. దీపావళికి వెళ్ళినప్పుడు తెచ్చుకో. ఎం.ఏ.లో డిగ్రీ పుస్తకం తెరిస్తే రూమ్మేట్ ఏమనుకుంటుందోనని సిగ్గుపడకు. డిగ్రీలో బట్టీ పట్టిన చాప్టరే ఇప్పుడు లెక్కలతో, గ్రాఫులతో మళ్ళీ వస్తుంది. విషయం ముందే తెలిసి క్లాసులో కూర్చుంటే అక్కడ నీకు కొత్తగా వినబడేది భాష ఒక్కటే. భాషా కొత్తదై, విషయమూ కొత్తదైతేనే బుర్ర మొరాయిస్తుంది.

ఇంకోటి చెప్తాను, ఇది దాదాపు ఖర్చులేని పని. రాష్ట్ర ఆర్థిక మంత్రి బడ్జెట్ ప్రసంగం తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. రెండూ ప్రింట్ తీయించి పక్కపక్కన పెట్టుకో. రోజుకు ఒక్క పేజీ. ముందు తెలుగు, తర్వాత అదే పేజీ ఇంగ్లిష్‌లో. ద్రవ్య లోటు, తలసరి ఆదాయం, మూలధన వ్యయం అన్నీ అందులో తగులుతాయి. అవే మాటలు మర్నాడు మీ సారు నోటి నుంచి ఇంగ్లిష్‌లో వస్తాయి. చదువుతుంటే నిద్ర రాదని మాత్రం హామీ ఇవ్వను.

ఇక బెంచీ సంగతి. చివరి బెంచీ నుంచి లేచి రెండో బెంచీకి రా. మొదటిది వద్దు, అందరూ నిన్నే చూస్తున్నట్టు టెన్షన్ పడతావు. క్లాసులో లేచి అడగలేకపోతే అడక్కు. సారు బయటికి వచ్చాక వరండాలో అడుగు. కానీ 'సార్, ఏమీ అర్థం కాలేదు' అనకు. దానికి ఆయనైనా ఏం చెప్తారు, 'మళ్ళీ చదువమ్మా' అంటారు. నోట్సు తెరిచి, వేలు పెట్టి చూపించి అడుగు: 'సార్, ఈ ఇండిఫరెన్స్ కర్వ్ మూలబిందువు వైపే ఎందుకు ఉబ్బి ఉంటుంది? అటు వైపుకు ఉబ్బితే ఏమవుతుంది?' (రెండు వస్తువులు ఏయే పాళ్ళలో ఉంటే మనిషికి ఒకే తృప్తి వస్తుందో చూపే గీత అది.) తెలుగులోనే అడుగు, ఫర్వాలేదు. ఆయన నీ పెన్ను తీసుకుని అక్కడే వరండా పిట్టగోడ మీద నోట్సు పెట్టి గీత గీస్తారు. ఒక వస్తువు నీ దగ్గర పెరిగేకొద్దీ, దాన్ని ఇంకొంచెం పొందడం కోసం రెండో వస్తువును వదులుకోవడానికి మనసొప్పదు, అందుకే ఆ గీత అలా వంగుతుందని చెప్తారు. రెండు నిమిషాల పని. ఆ రోజు నుంచి ఆయనకు నువ్వు ఇండిఫరెన్స్ కర్వ్ అడిగిన అమ్మాయివి. రేపు పీహెచ్‌డీకో, ఉద్యోగానికో సిఫార్సు ఉత్తరం కావాల్సి వస్తే ముఖం గుర్తున్నవాళ్ళకే ఎవరైనా మనస్ఫూర్తిగా రాస్తారు.

ఇప్పుడు అసలు సంగతి, మధ్యాహ్నం. క్లాసు అయ్యాక హాస్టల్‌కు కాదు, లైబ్రరీకి వెళ్ళు. 'లైబ్రరీ ఆమె కదా, ఇంకెక్కడికి పొమ్మంటుంది' అనుకుంటావు, అనుకో. కానీ ఉస్మానియాలో లైబ్రరీ అనగానే అందరికీ గుర్తొచ్చేది రీడింగ్ హాలు. గ్రూప్స్‌కూ, ఎస్సై పరీక్షలకూ తయారయ్యే అన్నలూ అక్కలూ పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుని సొంత పుస్తకాలు చదువుకునే చోటు. వాళ్ళ కష్టం వాళ్ళది, నేనేమీ అనను. కానీ అక్కడ దొరికేది కుర్చీ, ఫ్యాను, లైటు. నీకు కావాల్సింది లోపల బీరువాల మధ్య ఉంది.

చాలా లైబ్రరీల్లో ఎకనామిక్స్ పుస్తకాల మీద 330తో మొదలయ్యే నంబర్లుంటాయి. ఆ వరుస ఎక్కడుందో కౌంటర్‌లో అడుగు. నీకు కావాల్సిన పుస్తకం దొరకగానే వెనక్కి రాకు. దానికి అటు రెండు, ఇటు రెండు తీసి విషయసూచిక చూడు. మీ సారు చెప్పిన పుస్తకంలో కొరుకుడుపడనిది పక్కనున్న పాత పుస్తకంలో చక్కగా విడమరిచి ఉంటుంది. పిల్లలు ఆ పక్క పుస్తకం పట్టుకుని మెరిసే కళ్ళతో కౌంటర్‌కు రావడం నేను ఎన్నోసార్లు చూశాను. కౌంటర్‌లో ఉన్నవాళ్ళు చిరాగ్గా కనబడతారు, ఒప్పుకుంటాను. పొద్దుటి నుంచీ వైఫై పాస్‌వర్డ్ అడిగేవాళ్ళతో వేగుతుంటారు మరి. అదే ఎవరైనా వచ్చి 'మేడం, మిర్చి రైతుల మీద పాత థీసిస్‌లు ఏమైనా ఉన్నాయా' అని అడిగితే వాళ్ళకూ ప్రాణం లేచొస్తుంది. ఆ థీసిస్‌లు చాలా వరకు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చని కూడా వాళ్ళే చెప్తారు.

మిర్చి అని ఊరికే అనలేదు. మీ జిల్లాలో మిర్చి వెయ్యని ఊరుంటుందా? వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు తోలడం, ధర పడితే కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అమ్మెయ్యాలా అని మీ ఇంట్లో తర్జనభర్జన పడటం నువ్వు చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నావు. టకటకా ప్రశ్నలు అడిగే ఆ సిటీ పిల్లలకు అది పుస్తకంలో ఒక పేరా. వాళ్ళలో ఒకమ్మాయిని ఎంచుకో. మరీ ఫస్ట్ ర్యాంకు అమ్మాయి అక్కర్లేదు, నవ్వుతూ పలకరించే అమ్మాయి చాలు. వారానికి ఒక సాయంత్రం కలిసి చదవండి. ఆమె నీకు లెక్కలు చెప్తుంది, కమిషన్ ఏజెంటు ఎలా పని చేస్తాడో నువ్వు ఆమెకు చెప్తావు. సెమినార్ పేపర్ ఇచ్చే రోజు వస్తుంది, ఆ రోజు అందరూ ఇంటర్నెట్‌లో దొరికిన సంగతులు చెప్తుంటే నువ్వు మీ ఊరి లెక్క చెప్పు.

మీ క్యాంపస్‌లోనే ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సాంఘిక శాస్త్ర పరిశోధన మండలి) దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది. సాంఘిక శాస్త్రాలు చదివేవాళ్ళ కోసమే అది. బేగంపేటలో సెస్ అని పిలిచే ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం ఉంది, 1980లో పెట్టారు. అక్కడ సెమినార్లు జరుగుతుంటాయి. నోటీసు బోర్డు మీద కనబడితే వెళ్ళి వెనక వరసలో కూర్చో (అక్కడ వెనక వరస ఫర్వాలేదు). మొదటిసారి పావు వంతు అర్థమైతే గొప్పే. టీ విరామంలో ఎవరో ఒకరు 'ఏ యూనివర్సిటీ అమ్మా' అని అడుగుతారు. పరిచయాలు అక్కడే మొదలవుతాయి.

సెకండియర్‌లో ఉండగానే యూజీసీ వాళ్ళ నెట్ పరీక్ష రాయొచ్చు. అందులో జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వచ్చి పరిశోధనలో చేరితే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. ఈ అంకె నాన్నకు చెప్పు, 'మంచిగున్నది' అనే మాట కంటే బాగా అర్థమవుతుంది.

మధ్యాహ్నం నిద్ర గురించి ఇంకొక్క మాట. అది బద్ధకమైతే పైన చెప్పినవాటితో పోతుంది. అలా కాకుండా ఏ పనీ చెయ్యబుద్ధి కాక, తిండి సహించక, ఊరికే ఏడుపు వస్తుంటే మాత్రం దాచుకోకు. 14416కు ఫోన్ చెయ్. టెలిమానస్ అంటారు, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఊరు వదిలి వచ్చిన మొదటి ఏడాది ఇలా ఎందరికో ఉంటుంది.

అన్నట్టు, ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి ఫోటో దిగి ఇంటికి పంపావా? 1939లో పూర్తయిన ఆ రాతి కట్టడాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నువ్వు రోజూ దాని ముందు నుంచి తల దించుకుని పోతున్నావేమోనని నా అనుమానం.

ప్రశ్న: మేడం గారూ, నేను నిజాం కాలేజీలో బి.ఎస్సీ. మొదటి సంవత్సరం. చందానగర్‌లో మామయ్య వాళ్ళింట్లో ఉంటాను. ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో నాంపల్లి వచ్చి అక్కడి నుంచి నడుస్తాను. రానూపోనూ రోజుకు మూడు గంటలు పోతోంది. హాస్టల్ పిల్లలు సాయంత్రం కలిసి చదువుకుంటారు, తిరుగుతారు. నాకు మాత్రం వచ్చామా పోయామా అన్నట్టుంది. డే స్కాలర్‌కు కాలేజీ జీవితం ఉండదా?
– ఒక విద్యార్థి, చందానగర్

జవాబు: బాబూ, హాస్టల్ పిల్లలు కలిసి చదువుకుంటారని నీకెవరు చెప్పారు? పైన ఉత్తరం చూడు.

నీ సమస్య దూరం కాదు, తొందర. రెండింటికి క్లాసు అయిపోతే రెండున్నర బండి అందుకోవాలని పరిగెడుతున్నావు. వారంలో రెండు రోజులు ఎంచుకుని ఆ రోజుల్లో అయిదింటి దాకా ఇటే ఉండు. ముందుగా అత్తయ్యకు చెప్పు, ఫలానా రోజు ఆలస్యంగా వస్తాను, అన్నం మూతపెట్టి ఉంచండి అని. ఇది చిన్న విషయంలా కనబడుతుంది కానీ, బంధువుల ఇళ్ళలో ఉండి చదివే పిల్లలు సగం మంది ఈ ఒక్క మాట చెప్పలేకే క్లాసు కాగానే ఇంటికి ఉరుకుతారు. చెప్తే ఎవరూ కాదనరు. చెప్పకుండా ఆలస్యంగా వెళ్తేనే గొడవ.

ఇక ఆ రెండు రోజులూ ఏం చెయ్యాలంటావా? నీ కాలేజీ ఉన్న చోటు చూసుకో ఒకసారి. 1887 నాటి కాలేజీ, ఊరి నడిబొడ్డున ఉంది. పక్కనే ఎల్బీ స్టేడియం. నడిచి వెళ్తే ఆబిడ్స్, ఇంకాస్త ముందుకు పోతే కోఠి. సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901లో, నిజాం రాజ్యంలో తెలుగుకు ఠికానా లేని రోజుల్లో పెట్టిన గ్రంథాలయం. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1891లో అసఫియా పేరుతో మొదలైంది. ఈ రెండింట్లో ఏదో ఒకచోట సభ్యత్వం తీసుకో. నువ్వు రోజూ దిగే నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లోనే పబ్లిక్ గార్డెన్స్. అందులో మ్యూజియంలో ఈజిప్టు నుంచి వచ్చిన మమ్మీ ఉంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ళకే సగం మందికి తెలీదు. నీ క్లాసులో ఇద్దరు ముగ్గురిని వెంటేసుకుని వెళ్ళు, స్నేహాలు అలాంటి చోటే కుదురుతాయి.

నెలకొక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూడు. జీపీఓ వైపు నుంచి మొదలుపెట్టి నడువు. బి.ఎస్సీ. పుస్తకాలు సగం ధరకూ, ఒక్కోసారి అంతకంటే తక్కువకూ వస్తాయి. కొనేముందు మధ్యలో పేజీలు ఊడాయేమో, సిలబస్ మారిందేమో చూసుకో. అట్ట చూసి మోసపోకు. మొదట చెప్పిన ధరకు కొంటే మాత్రం ఊరివాడివని వాళ్ళకు తెలిసిపోతుంది.

రైల్లో సీటు దొరికిన రోజు, ఆ పూట క్లాసులో రాసుకున్నదే ఒకసారి చదువు. కొత్తది చదవకు, ఆ గోలలో ఎక్కదు. నిలబడాల్సిన రోజు కిటికీ బయటికి చూడు, ఏం కొంపలు మునగవు.

ప్రశ్న: మా అమ్మాయి గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎం.ఎస్సీ.లో చేరింది. చేరి మూడు నెలలు కాలేదు, నాటకాల రిహార్సల్స్ అంటూ రాత్రి తొమ్మిదింటికి కూడా ఫోన్ ఎత్తడం లేదు. సైన్సు చదవడానికి పంపితే ఇదేమిటి? గట్టిగా చెప్పమంటారా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. మార్కులు తగ్గాయని గానీ, హాజరు తగ్గిందని గానీ ఎక్కడా రాయలేదు. ఫోన్ ఎత్తడం లేదనే రాశారు. కోపం దాని మీద అయితే, రోజూ ఒక టైము పెట్టుకోమని అడగండి, అది న్యాయమే. ఎనిమిదింటికి అయిదు నిమిషాలు మాట్లాడి రిహార్సల్‌కు పొమ్మనండి.

నాటకం సంగతికి వస్తే, ఆ యూనివర్సిటీ 1974లో మొదలైనప్పుడు ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచింది. ఇప్పుడూ ఆవిడ పేరుతో కళలకు ఒక స్కూలు ఉంది, అందులో థియేటర్‌కు ఒక డిపార్ట్‌మెంటే ఉంది. సైన్సు పిల్లలు, నాటకాల పిల్లలు ఒకే క్యాంటీన్‌లో టీ తాగే చోట వేశారు మీ అమ్మాయిని. అటు వైపు కన్నెత్తి చూడకూడదంటే కుదిరే పనేనా?

అడగాల్సినవి వేరే ఉన్నాయి. హాజరు 75 శాతానికి తగ్గకుండా చూసుకుంటోందా? ల్యాబ్ రికార్డులు ఎప్పటికప్పుడు సంతకాలు చేయించుకుంటోందా? ఇంటర్నల్ పరీక్షల తేదీలు తెలుసా? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్తే ఇక మీరు నిశ్చింతగా ఉండండి. ప్రదర్శన ఎప్పుడో కనుక్కుని ఆ రోజు కరీంనగర్ బస్సెక్కి రండి. ముందు వరసలో కూర్చోండి. ఆమెకు చిన్న వేషమే ఇచ్చి ఉంటారు, మొదటి ఏడాది కదా, ఏ చెట్టో, సిపాయో అయ్యుంటుంది. అయినా రండి.

ప్రశ్న: కూకట్‌పల్లిలో బీటెక్ ఫస్టియర్ చదువుతున్నాను. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఇప్పటి నుంచే సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకోకపోతే ప్లేస్‌మెంట్ రాదని ఒక సీనియర్ అంటున్నాడు. నలభై వేలు కట్టమంటున్నారు. ఇంట్లో అడగనా?
– ఒక విద్యార్థి, కేపీహెచ్‌బీ

జవాబు: అడక్కు. ఫస్టియర్‌లో నీ పని మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ లేకుండా బయటపడటం, సీ ప్రోగ్రామ్ నీ చేత్తో నువ్వు రాయడం. అమీర్‌పేట ఎక్కడికీ పోదు. మైత్రీవనం దగ్గర బోర్డులు నువ్వు ఫైనలియర్‌కు వచ్చేసరికి కొత్త పేర్లతో ఉంటాయి, ఇప్పుడు కొన్న కోర్సు అప్పటికి పాతబడుతుంది. నేర్చుకోవాలని అంత ఉబలాటంగా ఉంటే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఆ సీనియర్‌కు ఒక అడ్మిషన్‌కు ఎంత ముడుతుందో కూడా మెల్లగా కనుక్కో.

ల్యాబ్ టైము అయ్యాక వెంటనే బ్యాగు సర్దకు. అవుట్‌పుట్ రాని ప్రోగ్రామ్‌ను పక్కవాడి దగ్గర కాపీ కొట్టి రికార్డులో అతికించడం అందరూ చేసే పనే. ల్యాబ్ అసిస్టెంట్‌ను బతిమాలి ఇంకో పావుగంట కూర్చుని తప్పు ఏ లైన్లో ఉందో పట్టుకుంటే, నలభై వేల కోర్సు నేర్పేది అదే.

ప్రశ్న: అమ్మా, మా హాస్టల్లో సీనియర్లు 'ఇంట్రో' పేరుతో రాత్రి గదికి పిలిచి నిలబెడుతున్నారు. మొదట్లో పేరు, ఊరు అడిగారు. ఇప్పుడు వెకిలి పనులు చేయమంటున్నారు. కంప్లయింట్ ఇస్తే నాలుగేళ్ళూ నన్ను వెలేస్తారని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. సర్దుకుపోవాలా?
– పేరు వద్దు

జవాబు: సర్దుకుపోవద్దు నాన్నా. పేరు, ఊరు అడిగేదాకా అది పరిచయం. వెకిలి పని చేయమన్న క్షణం నుంచి నేరం. మన రాష్ట్రంలో 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, జైలు శిక్ష కూడా ఉంది. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522, ఇరవై నాలుగు గంటలూ పని చేస్తుంది. నీ పేరు గోప్యంగా ఉంచుతారు. ఎవరు, ఏ గదిలో, ఏ రాత్రి, ఏం చేయమన్నారో ఒక కాగితం మీద రాసి పెట్టుకుని ఫోన్ చెయ్. తేదీలుంటే ఎవరూ కొట్టిపారేయలేరు. ఇంట్లో ఒక్కరికైనా ఇవాళే చెప్పు.

వెలేస్తారన్న భయం గురించి. నీలాగే ఆ గదిలో నిలబడ్డ జూనియర్లు ఇంకా ఉన్నారు కదా. వాళ్ళలో ఇద్దరితో మాట్లాడు. ముగ్గురు కలిసి వెళ్తే వార్డెన్ కూర్చోబెట్టి వింటారు, వినకపోతే హెల్ప్‌లైన్ ఉండనే ఉంది. ఆ తర్వాత నాలుగేళ్ళూ నీ జట్టు ఆ ముగ్గురే అయితే మరీ మంచిది. ఈ ఉత్తరం అచ్చయ్యేలోపు ఆలస్యమవుతుందని నీకు విడిగా కూడా జవాబు రాశాను.

ప్రశ్న: సీనియర్ల నోట్సు జిరాక్స్ తీయించుకుంటే పరీక్షలకు సరిపోతుందా? క్లాసులో రాసుకోవడం టైమ్ వేస్ట్ అంటున్నారు.
– ఇద్దరు మిత్రులు, విద్యానగర్

జవాబు: పాసవడానికి సరిపోతుంది. ఏడాదేడాదికీ చేతులు మారుతూ వచ్చిన ఆ నోట్సులో తప్పులు కూడా అలాగే వస్తాయి, ఒకే తప్పు యాభై పేపర్లలో కనబడితే దిద్దేవాళ్ళకు నోట్సు ఎక్కడిదో తెలిసిపోతుంది. తీయించుకుంటే తీయించుకోండి, ఒక వైపే ప్రింట్ వేయమనండి. ఎడమ పేజీ ఖాళీగా ఉంటుంది. క్లాసులో సారు చెప్పినప్పుడు దానిలో లేనిది, దానితో కలవనిది అక్కడ రాసుకోండి. ఇద్దరున్నారు కాబట్టి ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు క్లాసు అయ్యాక చాయ్ దగ్గర సరిచూసుకోండి. చాయ్ డబ్బులు ఎవరివన్నది మీ ఇద్దరి మధ్య తేల్చుకోవాల్సిన విషయం, దాని మీద నాకు రాయకండి.